పదహారు అంగుళాలు

మా ఆయన రాళ్ళు పరిచే మేస్త్రీ. ముప్పై ఏళ్ళ కాపురంలో ఏనాడూ నా పక్కన నడిచిన పాపాన పోలేదు. ఎక్కడికి బయల్దేరినా పదడుగులు ముందుంటాడు. వెనక మనిషి వస్తోందో లేదో తిరిగి చూడడు. చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

అలాంటివాడు నిరుడు నా తుంటి ఆపరేషన్ అయ్యాక పెరట్లో నా వెనకే తిరిగాడు. కాలు జారకుండా అని నేలంతా పలచగా ఇసుక జల్లాడు. నేను నాలుగడుగులు వేసి ఆయాసంతో ఆగితే, వెనకాల వంగి టేపుతో ఏదో కొలుచుకునేవాడు. "ఆ నేల ఎక్కడికీ పోదు, ముందు నన్ను పట్టుకోండి" అని తిట్టేదాన్ని. పట్టుకునేవాడు, మళ్ళీ వంగేవాడు.

మా బావగారి కూతురు తోటలకి ప్లాన్లు గీసే ఆర్కిటెక్టు. ఆసుపత్రి ఆవరణలో రోగులు నడవడానికి అది గీసిన తోట, మా ఆయనే రాళ్ళు పరిచింది, ఈ ఏడు పోటీలో తుదిదాకా వచ్చిన మూడింటిలో నిలిచింది. మా ప్రాంతంలో కొత్తగా వేసిన తోటల్లో మేలైనవాటికి ఏటా బహుమతులిస్తారు. వస్తే ఆఫీసులో దానికి సొంతంగా పని అప్పగిస్తారు. రాకపోతే ఎప్పటిలాగే ఇంకొకళ్ళ గీతలకి రంగులు వేస్తూ కూర్చోవాలి. ఆ బెంగతో తిండి సహించక పిల్ల చిక్కి సగమైంది.

న్యాయనిర్ణేతలు వచ్చేరోజు "నువ్వు పక్కనుంటే ధైర్యం పిన్నీ" అని నన్నూ లాక్కెళ్ళింది. మా ఆయన మాకంటే ముందే వెళ్ళి అక్కడున్నాడు.

ముగ్గురొచ్చారు. వాళ్ళలో పెద్దావిడ నీడలు చూసింది, బెంచీల మీద కూర్చుని లేచింది, వాననీళ్ళు ఇంకే గుంట చూసి తల ఊపింది. పచ్చికలో పరిచిన రాళ్ళ బాట దగ్గరికొచ్చి టేపు తీసింది.

"ప్లానులో రాయికీ రాయికీ ఇరవై నాలుగు అంగుళాలుంది. ఇక్కడ పదహారే ఉందేంటమ్మా?"

పిల్ల మొహం పాలిపోయింది. రాళ్ళు పరిచిన వారమంతా దానికి జ్వరం. బాబాయ్ చేసిన పనిని కొలిచి చూడాలని దానికి తోచనే లేదు. గీసినదానికీ కట్టినదానికీ తేడా ఉంటే మార్కులు తెగ్గోస్తారని నాకూ తెలుసు.

"నేనే మార్చానమ్మా" అన్నాడు మా ఆయన వెనకనుంచి. "పిల్లకి తెలీదు. దాన్నేమీ అనకండి."

"ఎందుకు మార్చారు?"

నా వంక చూసి, నేల వంక చూశాడు.

"ఆపరేషన్ అయ్యాక మా ఆవిడ అడుగు అంతే పడేదండి. నలభై రోజులు కొలిచాను. ఇక్కడ నడిచేవాళ్ళూ అలాంటివాళ్ళే కదా."

నాకు ఒళ్ళు మండాలి. నన్ను కొలిచి నాతో ఒక్క ముక్క చెప్పలేదు. మండలేదు సరికదా, కళ్ళు తుడుచుకోడానికి కొంగు వెతుక్కున్నాను.

అప్పుడే వార్డులోంచి ఒక పెద్దాయన కర్ర పట్టుకుని బాట మీదకొచ్చాడు. మొదటి రెండు రాళ్ళూ చూసి చూసి అడుగేశాడు. నాలుగో రాయి నుంచి కిందకి చూడటం మానేసి చెట్లు చూసుకుంటూ వెళ్ళాడు. టేపు చేతిలో అలాగే ఉంచుకుని పెద్దావిడ ఆయన అవతలకి చేరేదాకా నిలబడింది.

"ప్లానులోనే తప్పుంది మరి" అంది పిల్లతో.

పిల్ల బెంచీ మీద ప్లాను పరిచింది. ఇరవై నాలుగు కొట్టేసి "పదహారు. పిన్ని అడుగు. కొలిచింది బాబాయ్" అని రాసింది.

మొదటి బహుమతి రాలేదు, తేడా తేడాయే అన్నారు. రెండోది వచ్చింది. బహుమతి పత్రంలో మొదటి వాక్యమే ఆ రాళ్ళ గురించి. మర్నాడే ఆఫీసువాళ్ళు ఇంకో ఆసుపత్రి తోట పూర్తిగా దాని చేతిలో పెట్టారు.

బహుమతి సభ నుంచి వస్తుంటే గేటు దాటగానే మా ఆయన యథాప్రకారం పదడుగులు ముందుకెళ్ళిపోయాడు. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. నలభై రోజులు నా వెనకే నడిచిన మనిషి, పోనీలే అని ఊరుకున్నాను.