పిట్టకు పెట్టిన రోజు

రోజూ నేను ఒక్కదాన్నే పస్తు. ఆ రోజు మాత్రం చుట్టాలంతా నాతోపాటు ఆకలితో మాడుతున్నారు. నిజం చెప్పాలంటే, నాకది కొంచెం బాగానే అనిపించింది.

ప్రాణహిత ఒడ్డున మా అమ్మ సరిత దినాలు. మోదుగాకు విస్తరిలో అన్నం, చేపల కూర, గారెలు పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్ళు మెతుకు నోట్లో పెట్టకూడదు. మా సిరోంచలో కాకులకేం కరువు? చేపలు ఎండబెడితే తరిమినా పోవు. అలాంటివి ఆ పొద్దు చెట్టుమీద కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయే తప్ప ఒక్కటీ దిగలేదు.

“సరితకు ఏదో మనాది ఉన్నది,” అంది మా బాపమ్మ కనకవ్వ.

ఇక మొదలు. పోయినవాళ్ళ మనసులో ఏ బెంగ ఉందో కనిపెట్టి మాటివ్వాలి, అప్పుడే పిట్ట ముడుతుందంటారు. బాపు ముందుకెళ్ళి, “తాగుడు బంద్ చేస్త సరితా,” అన్నాడు. కాకులు కదల్లేదు. వాటినేం అనగలం? ఆ మాట అమ్మ బతికుండగా చాలాసార్లు విన్నదే. తర్వాత మా మేనమామ పోచన్న. అమ్మను దవాఖానకు ఆలస్యంగా తీసుకెళ్ళాడని బాపుతో మాటలు మానేసిన మనిషి. “బావతోని కొట్లాట పెట్టుకోనక్కా,” అన్నాడు, బావ మొహం చూడకుండానే. ఊహూఁ.

అప్పుడు అందరూ నావైపు తిరిగారు.

“ప్రతిభా, తింటనని చెప్పు బిడ్డా. నీ మీదనే దాని పానం కొట్టుకుంటున్నది,” అంది బాపమ్మ.

“ఒక్క మాటంటే ఏం పోతది? జర మొండితనం ఇడువు,” అన్నాడు మామ.

నాకు ఒళ్ళు మండింది. మొండితనమట! పళ్ళెం ముందు కూర్చుంటే నా గుండె ఎలా దడదడలాడుతుందో వీళ్ళలో ఒక్కరైనా అడిగారా? అమ్మ పోయాక నీళ్ళు తాగినా తప్పు చేసినట్టే ఉంటోంది. అమ్మంటే నాకు ప్రాణం. ఆమె ఆఖరి అన్నం ముందు కూర్చుని అబద్ధం చెప్పమంటున్నారు.

విసురుగా వెళ్ళి విస్తరి పక్కన కూలబడ్డాను.

“అమ్మా, తింటనని మాటియ్యను. నాతోని ఐతలేదు. అన్నం జూస్తెనే భయమైతున్నది. ఎందుకో నాకే తెలుస్తలేదు.”

“అయ్యో, గిదేం మాటనే!” అంది వెనక నుంచి బాపమ్మ.

రెక్కలు టపటపమన్నాయి. ఒక కాకి సరిగ్గా నా మోకాలి పక్కన దిగింది. నన్ను చూసి బెదరలేదు. అన్నంలో ముక్కు పెట్టి, ముద్ద తీసుకుని, తల వంచి నావైపు చూసింది. దాని వెనకే మిగతావన్నీ వాలాయి. నా ఒళ్ళంతా రోమాలు లేచి నిలబడ్డాయి. సైన్సులో నాకు మంచి మార్కులే వస్తాయి. కాకికి ఆకలేసిందని నాకూ తెలుసు. అయినా ఆ క్షణం నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. నేనేమీ మాటివ్వలేదు. భయమని మాత్రమే చెప్పాను. అమ్మకది చాలింది.

బాపు మెల్లగా వచ్చి నా పక్కన ఇసుకలో కూర్చున్నాడు.

“భయమా బిడ్డా? నాకెరుకలేదు. రేపే డాక్టర్ దగ్గరికి పోదాం. ఈసారి ఆలస్యం చెయ్యను.”

“బండి నేను తీస్త, బావా,” అన్నాడు మామ.

బాపు గిన్నెలోని అన్నంతో ముద్ద కలిపాడు. తినమనలేదు, చేయి చాపి ఊరుకున్నాడు. నేను చాలాసేపు ఆ చేతినే చూశాను. తర్వాత తిన్నాను, అందరి ముందూ, భయపడుతూనే.