పెద్ద ఈతగాడి కప్పు

నేను ఒక ఇత్తడి కప్పును. బెజవాడలో బిందెలు చేసే షెడ్డులో పుట్టాను. రెండు చెవులు అతికించి, పీఠం మీద నిలబెట్టేసరికి నాకు కాస్త మర్యాద వచ్చింది. ఊళ్లో పెద్దవాళ్ల ఈత క్లబ్బు నన్ను కొనుక్కుంది. ఏటా జరిగే పోటీలో నాలుగు వందల మీటర్లూ పూర్తిగా ఈదినవారిలో అందరికన్నా వయసు మళ్లినవారికి నన్ను ఇస్తారు. మళ్లీ పోటీ వచ్చేదాకా నేను వాళ్లింట్లోనే. ముసలితనానికి కూడా పందెం పెట్టడం మనుషులకే చెల్లింది.

కొన్నేళ్లుగా నన్ను గెలుస్తున్నవాడు నాంచారయ్య. ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు. భార్య లేదు. ఫ్రిజ్ మీద ఉన్న నాలో కోడలు పిన్నీసులు, మందుబిళ్లలు వేసేది. ఆయన వాటిని తీసి, నన్ను తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేవాడు.

ఆ ఏడు ఆయన గుండె బాగాలేదు. ఈత మానమని డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఆయన ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. కొలనులో గోడ పట్టుకుని రొప్పుతుంటే పక్క వరసలో ఈదే ఎస్తేరు టీచరు చూసింది. ఆవిడ హైస్కూల్లో డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి, డెబ్భై దాటింది; క్లబ్బులో నాంచారయ్య తర్వాత పెద్ద ఆవిడే. నిలదీస్తే నిజం చెప్పాడు.

"ఎవరికీ చెప్పమాకండి టీచరమ్మా. మైకులో నా పేరు పిలిచేది పోటీ జరిగే ఆ ఒక్కరోజే" అన్నాడు.

ఆవిడ మనసు చంపుకుని క్లబ్బు సెక్రటరీకి చెప్పింది. గేటుకు అప్పటికే నాంచారయ్య ఫోటోతో ఫ్లెక్సీ కట్టేశారు, ముఖ్య అతిథి కూడా ఖరారయ్యాడు. పెద్దాయన్ని చిన్నబుచ్చడం ఎందుకు మేడం, మెల్లగా ఈదుతాడులే అన్నాడు సెక్రటరీ.

పోటీనాడు నన్ను షామియానా కింద ఎర్రగుడ్డ పరిచిన బల్లమీద పెట్టారు. చివరి చుట్టులో నాంచారయ్య నీళ్ల మధ్య ఆగిపోయాడు. అలుపు తీర్చుకుంటున్నాడనుకుని జనం ఉత్సాహపరుస్తూ చప్పట్లు కొట్టారు. పక్క వరసలో పోటీ ఈదుతున్న ఎస్తేరు టీచరు ఒక్కతే వరసల మధ్య తాడు దాటి వెళ్లి, ఆయన గడ్డం నీళ్లపైకి ఎత్తి, ఒడ్డుకు లాక్కొచ్చింది. చప్పట్లు ఆగేసరికే ఆయన పోయాడు.

సంతాపసభలో నన్ను ఆవిడ చేతిలో పెట్టబోయారు. ఆవిడ తీసుకోలేదు.

"నేను పూర్తి చెయ్యలేదండీ. ఆయన దగ్గర ఆగిపోయాను. ముందే చెబితే మీరు ఆపలేదు" అంది.

ఆ వారంలోనే కమిటీ కూర్చుని, పెద్దల క్షేమం కోసమంటూ డెబ్భై దాటినవాళ్లను కొలనులోకి రానివ్వకూడదని తీర్మానించింది. నన్ను గేటు పక్క వాచ్‌మన్ గదిలో అద్దాల బీరువాలో పెట్టారు.

మర్నాడు పొద్దున్నే ఎస్తేరు టీచరు తువ్వాలు సంచితో వచ్చింది. వాచ్‌మన్ సుబ్బులు ఇబ్బందిపడుతూ అడ్డం నిలబడి సంగతి చెప్పాడు. తర్వాత ఆవిణ్ణి సముదాయించబోయాడు.

"కప్పు మాత్రం మీకే ఇస్తారంట టీచరమ్మా. ఇంటికి పంపుతామన్నారు."

"కప్పేం చేసుకోనయ్యా? నాకు నీళ్లు కావాలి" అంది.

గేటు ఊచలు పట్టుకుని కాసేపు లోపలికి చూసింది. అప్పుడు కొలనులో ఒక్క మనిషి కూడా లేడు. ఆవిడ సంచి భుజాన సర్దుకుని, రోడ్డు దాటి వెళ్లిపోయింది.