పరీక్షించినవారి సంతకం

“చేతులు కడుక్కున్నావా?”

నేను ఇంటికి రాగానే మా ఆయన నోటి వెంట వచ్చే మొదటి మాట ఇదే. కడుక్కునే వస్తాను. ల్యాబులో రెండుసార్లు, బయల్దేరే ముందు ఒకసారి, ఇంటికొచ్చాక పెరటి కుళాయి దగ్గర ఇంకోసారి. అయినా అడుగుతాడు. పెళ్లయిన కొత్తలో ఆ మాట వింటే ఒళ్లు మండేది. కొన్నాళ్లకు బాధేసేది. ఇప్పుడేమీ అనిపించదు. “ఆఁ” అని పిండి డబ్బా మూత తీస్తాను.

నేను అడవి జంతువుల ఆసుపత్రి వెనకున్న ల్యాబులో టెక్నీషియన్ని. బతికున్నవి ముందు గేటులోంచి డాక్టర్ల దగ్గరికి వెళ్తాయి, చచ్చినవి వెనక గేటులోంచి నా బల్ల మీదికి వస్తాయి. కోసి, ఎందుకు చచ్చిందో చూసి కాగితం మీద రాస్తాను. పధ్నాలుగేళ్లుగా ఇదే పని. కాగితం అడుగున ‘పరీక్షించినవారు’ అని ఉన్నచోట మాత్రం మా పెద్ద డాక్టరుగారు సంతకం చేస్తారు. ఆయన గదికీ నా బల్లకీ మధ్య ఒక వరండా ఉంది. దాన్ని దాటి ఆయన ఇటు రావడం నాకు తెలిసి రెండుసార్లు జరిగింది, అందులో ఒకటి ఆయన గదిలో కరెంటు పోయినప్పుడు.

మా అత్తగారు చుట్టాలతో “మా కోడలు ఆఫీసులో రాతపని చేస్తుంది” అని చెబుతుంది. నక్కల్ని కోస్తుందంటే పరువేం కావాలి! మా ఆయన మాత్రం కులాసాగా ఉన్నప్పుడు, “రోజూ నక్క తోక తొక్కుతావు కదే, మరి మనింటికి అదృష్టం రాదేం?” అని నవ్వేవాడు. మొదటిసారి నేనూ నవ్వాను.

ఆ ఏడు వానలు వెనకబట్టాక నక్కలు రావడం ఎక్కువైంది. మా కొండల్లో తప్ప మరెక్కడా పెద్దగా కనిపించని చిన్నజాతి నక్కలవి. మొదటిది బల్ల మీదికి వచ్చినప్పుడు అది నక్క అని పోల్చుకోలేకపోయాను. ఒంటి మీద బొచ్చు లేదు. చర్మం ఎండిన బెరడులా మందమై, పగిలి ఉంది. కళ్లు పక్కులు కట్టి మూసుకుపోయాయి. పొట్టలో నాలుగు గడ్డిపరకలు తప్ప ఏమీ లేవు. చర్మం గీకి, ఆ పొట్టును నూనెచుక్కలో వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. గజ్జి పురుగులు. కంటికి ఆననంత చిన్నవి. చర్మంలో సొరంగాలు తవ్వుకుంటూ అక్కడే గుడ్లు పెడతాయి. నక్క గోక్కోవడంలో పడి వేట మానేస్తుంది. చిక్కిపోతుంది. ఒంటి మీద బొచ్చు లేక చలికి ముడుచుకుని చచ్చిపోతుంది. పైకి చూసినవాళ్లకు ఆకలితో చచ్చినట్టే ఉంటుంది.

మూడు నెలల్లో తొమ్మిది వచ్చాయి. అడవిలో పెట్టిన కెమెరాలను బట్టి చూస్తే మిగిలినవి ఇరవై లోపే. ఒక్కోటి ఎక్కడ దొరికిందో పటం మీద చుక్క పెడుతూ వచ్చాను. ఎవరూ పెట్టమనలేదు. తొమ్మిది చుక్కల్లో ఏడు కొండ కింది హోటల్ చుట్టూనే పడ్డాయి.

ఆ హోటల్లో మా ఆయన సూపర్‌వైజరు. వంటింట్లో మిగిలిన మాంసం, ఎముకలు సాయంత్రం వెనక గట్టు మీద పోయించేవాడు. నక్కలు దిగివచ్చి తింటుంటే అతిథులు అద్దాల వెనక కూర్చుని చూసేవాళ్లు. ఆ ఆలోచన మా ఆయనదే. అందుకు ఆయనకు ఒక షీల్డు కూడా ఇచ్చారు. టీవీ పక్కన ఉంటుంది, దాని మీద దుమ్ము నేనే తుడుస్తాను. ఆ తిండికి నక్కలే కాదు, ఊరకుక్కలూ వచ్చేవి. కుక్కల గజ్జి నక్కకు అంటింది, ఆ నక్కది ఇంకో నక్కకు. ఎవరి హద్దులో వాళ్లు తిరిగే జంతువులు ఒకే గట్టు మీద ఒళ్లూ ఒళ్లూ రాసుకుంటూ తిన్నాయి.

తొమ్మిదో నక్కను కోసిన వారానికి నా ముంజేతుల మీద ఎర్రగా పొక్కులు లేచాయి. గ్లౌజు ఎక్కడో చిరిగింది కాబోలు. చర్మం డాక్టరమ్మ చూసి, “నక్క పురుగు మనిషి ఒంటి మీద కాపురం చేయలేదమ్మా. కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. నీ నుంచి ఇంట్లోవాళ్లకేం భయం లేదు” అంది. ఇంట్లో అదే చెప్పాను.

“డాక్టర్లు అలాగే అంటారులే” అని అత్తగారు నా పరుపు సామాన్ల గదిలో వేయించింది. టవలు వేరు, సబ్బు వేరు. పొద్దున పాపకు జడ వేయబోతే, “నాన్న వద్దన్నాడమ్మా” అని అది తల వెనక్కి లాక్కుంది. తొమ్మిదేళ్ల పిల్ల, తన తప్పేం లేదన్నట్టు నన్ను చూసి చిన్నగా నవ్వింది కూడా.

దువ్వెన పక్కన పెట్టి కూర్చున్నాను. వంటింట్లోంచి అత్తగారి గొంతు వినబడింది.

“ఏమ్మా, ఇంకా పిండి కలపలేదా? వాడికి టైమైపోతోంది.”

“ఈ చేతులతోనా అత్తయ్యా?” వెటకారానికి కాదు, నిజంగానే అడిగాను.

“ఎలాగూ పెనం మీద కాలుస్తాం కదా. ఏం కాదులే.”

కలిపాను. మంచం వేరైంది గానీ పొయ్యి వేరు కాలేదు. అందరూ తిన్నారు. మా ఆయన ఇంకొకటి వేయమన్నాడు.

సామాన్ల గదిలో పాత అట్టపెట్టెలు, కాలు విరిగిన కుర్చీ, సందులోకి తెరుచుకునే చిన్న కిటికీ ఉన్నాయి. అక్కడ నేను హాయిగా నిద్రపోయాను. ఆ సంగతి నాకే చాలా రోజులకు గానీ తట్టలేదు.

తొమ్మిది కాగితాలూ ఒకేసారి పెద్ద డాక్టరుగారి ముందు పెట్టాను, పటంతో సహా. ఆయన పటాన్ని మడిచి నాకే తిరిగి ఇచ్చారు.

“కారణం ఆకలి, చలి అని రాయమ్మా. అబద్ధం కాదు కదా, పొట్టలో ఏమీ లేదని నువ్వే అన్నావు.”

“పురుగు వల్లే కదా సార్ ఆకలితో...”

“పురుగని రాస్తే ఎక్కడిదని అడుగుతారు. హోటల్ దగ్గరిదంటే నీ మొగుడి ఉద్యోగం మీదికి వస్తుంది. నీ మంచికే చెబుతున్నా.”

నేను ఇల్లు చేరేసరికి ఆ మాట ఫోన్లో నాకంటే ముందే చేరింది.

“నా పొట్ట నువ్వే కొడతావా?” అన్నాడు మా ఆయన. “చచ్చిన నక్కలు నీకేమైనా అన్నం పెడతాయా?”

పధ్నాలుగేళ్లుగా పెడుతున్నాయి. బతిమాలతాడనీ, అరుస్తాడనీ తెలుసు, రెండూ చేశాడు. గోడ అవతల ఎవరి ఇంట్లోనో జరుగుతున్న గొడవ విన్నట్టు విన్నాను.

రెండు రోజులకు పదో నక్క వచ్చింది. ఆడది. దవడ దగ్గర నుంచి తోక దాకా బొచ్చన్నది లేదు. కోస్తే లోపల నాలుగు పిల్లలు, ఇంకో వారం ఆగితే పుట్టేవి. ఒక్కోదాన్ని తీసి తూకం వేశాను. వాటి చర్మం నున్నగా ఉంది, మైక్రోస్కోపు కింద ఒక్క పురుగు కనిపించలేదు. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. కాగితం తీసి, గజ్జి అని రాసి, ఎక్కడి నుంచి అంటిందో రాసి, అడుగున నా పేరు సంతకం చేశాను. పాత తొమ్మిదింటినీ మళ్లీ రాసి వాటి మీదా చేశాను. పటం జతచేసి, మధ్యాహ్నం టీ తాగే వేళకు అటవీశాఖ పై ఆఫీసుకు పోస్టు చేసి వచ్చాను.

పదిరోజుల్లో అధికారులు హోటల్‌కు వచ్చారు. గట్టు మీద తిండి పోయడం ఆపించి, కుక్కలను పట్టి మందులు వేయించారు. ఆ రోజే పెద్ద డాక్టరుగారు వరండా దాటి నా బల్ల దగ్గరికి వచ్చారు.

“సంతకం చేయడానికి నువ్వెవరు?”

“పరీక్షించినవారు అని ఉంది సార్. పరీక్షించాను.”

నాకు మెమో ఇచ్చారు. మా ఆయన్ని హోటల్లో లాండ్రీ చూసుకోమన్నారు. అప్పటి నుంచి ఆయన నాతో ‘చేతులు కడుక్కున్నావా?’ తప్ప ఇంకేమీ మాట్లాడటం లేదు.

ఆ చలికాలంలో ఇంకో రెండు నక్కలు వచ్చాయి, రెండూ ముదిరిన జబ్బువే. తర్వాత రెండు నెలలు ఒక్కటీ రాలేదు. కెమెరా ఫొటోల్లో ఒకదానికి వీపు మీద కొత్త బొచ్చు గీతలా మొలిచి కనిపించింది. మొత్తం మీద పదకొండు ఉన్నాయేమో. మళ్లీ పెరుగుతాయో లేదో చెప్పలేను.

నా చేతుల మీది పొక్కులు ఎప్పుడో మానిపోయాయి. మొన్న మధ్యాహ్నం అత్తగారు సామాన్ల గది గుమ్మంలో నిలబడింది. లోపలికి చూసింది. అట్టపెట్టెలు తీసేసి, కుర్చీకి కాలు వేయించి, కిటికీ దగ్గర చిన్న బల్ల వేసుకున్నాను.

“మచ్చలు కూడా పోయాయి కదమ్మా. వాడు మాత్రం ఎన్నాళ్లు అలుగుతాడు? దిండు తీసుకుని మీ గదిలోకి వెళ్లు. నీకు తగ్గిపోయిందని నేను చెబుతాలే.”

“తగ్గింది అత్తయ్యా,” అన్నాను. “తగ్గింది కాబట్టే వెళ్లడం లేదు.”