ఆరేళ్లు ఆలస్యం

ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపులో అతను పద్దెనిమిదేళ్లుగా మెషిన్ ఆపరేటరు. బట్టల షాపుల బోర్డులు, ఎన్నికల ఫోటోలు, ఏవైనా అతని చేతి మీదుగానే బయటికి వెళ్లేవి. ఎంట్రన్సు పరీక్షల ఫలితాలు వచ్చే నెలలో మాత్రం మెషిన్‌కి ఊపిరాడేది కాదు. నవ్వుతున్న పిల్లల ముఖాలు వరసలు వరసలుగా దిగేవి, ఒక్కో ముఖం కిందా ఒక్కో ర్యాంకు. ఆ ఏడాది ఊళ్లోని పెద్ద కోచింగ్ సెంటరు ఫ్లెక్సీలో ఎర్రటి అక్షరాలతో కొత్త మాట ఒకటి చేరింది: "ఆరో తరగతిలోనే మొదలుపెట్టండి. ఏడో తరగతి అంటే ఆలస్యమే."

అంచులు కత్తిరిస్తున్న చేయి ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఇంట్లో కూతురు స్కూలు చివరి ఏడాది, పన్నెండో తరగతిలోకి అడుగుపెట్టబోతోంది. ఎంట్రన్సు ఊసు ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే భార్యతో అన్నాడు. "మనం మునిగిపోయాం. ఆరేళ్లు ఆలస్యమైపోయింది."

మందుల షాపులో పని ముగించుకుని అప్పుడే వచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్న ఆవిడ సంగతి విని నవ్వింది. "ఆరో తరగతిలో దానికింకా పాలపన్ను ఊగుతూ ఉండేది. నాలిక పెట్టి దాన్ని కదపడంతోనే సరిపోయేది రోజంతా. అప్పుడేం మొదలెడతారండీ?"

అతనికి నవ్వు రాలేదు. మర్నాడు షాపులో సెలవడిగి కూతుర్ని వెంటబెట్టుకుని కోచింగ్ సెంటరుకి వెళ్లాడు. అమ్మాయిని ఇంట్లో అందరూ పిట్ట అనేవారు. మనిషి సన్నం, మాట మాత్రం గట్టిది.

మేనేజరు వాళ్లని కూర్చోమన్నాడు గానీ ముఖం చిట్లించాడు. "ఇప్పుడా అండీ రావడం? ఈ వయసు పిల్లలకి మా దగ్గర రెండో రివిజన్ నడుస్తోంది. ఏదో చివరి బ్యాచ్‌లో వేస్తాం. ఫలితం మాత్రం మమ్మల్ని అడక్కండి."

తండ్రి తల దించుకున్నాడు. పిట్ట గోడ మీది ఫోటోలు చూస్తోంది. "సార్, ఆరో తరగతిలో చేరినవాళ్లలో ఎంతమందికి సీటొచ్చింది?"

"అదిగో, కనపడటం లేదూ? ముప్పై ఆరు మంది."

"అది సీటొచ్చినవాళ్లు సార్. ఆ ఏడాది మీ దగ్గర చేరినవాళ్లెంతమంది?"

మేనేజరు వాచీ చూసుకుని, ఇంకో పేరెంట్ వస్తున్నారన్నాడు.

బస్టాపులో తండ్రి కసిరాడు. "పెద్దాయన్ని అలా నిలదీస్తావా? పరువు తీశావు కదే!" అంటూనే ఎందుకో నవ్వు ఆపుకోలేకపోయాడు. కూతురూ నవ్వింది.

నవ్వు తగ్గాక పిట్ట నెమ్మదిగా అంది. "నాన్నా, నాకు మోకాలు బెణికినప్పుడు ఆరు వారాలు నడిపించిన ఫిజియోథెరపీ మేడం గుర్తుందా? నేను ఆ చదువు చదువుతా. దానికీ ఇదే ఎంట్రన్సు. ఇన్నాళ్లూ ఏం కావాలో తెలీక ఊరుకున్నా. ఇప్పుడు తెలిసింది. సోమవారం నుంచి మొదలెడతా, ఇంటి దగ్గరే."

"పరీక్షకి ఇంకెన్నాళ్లుంది?"

"పదకొండు నెలలు."

వాలీబాల్ ఆడుతూ పడిపోయి, మంచమ్మీద పళ్లు బిగించి కాలు ఎత్తడం నేర్చుకున్న పిల్ల అది. అతను వద్దనలేకపోయాడు.

సోమవారం పిట్ట పుస్తకం తెరవలేదు. స్కూల్ లైబ్రరీ నుంచి పాత ప్రశ్నపత్రం తెచ్చి, గడియారం ముందు పెట్టుకుని మూడు గంటలు కూర్చుని రాసింది. రెండు వందలకి అరవై ఒకటి వచ్చింది. ఆ అంకె కాగితం మీద రాసి బీరువాకి అతికించింది. తండ్రి దగ్గరికెళ్లి చదివాడు.

"దాన్ని అందరికీ కనపడేలా పెట్టడం దేనికే?"

"ఎక్కడ నిలబడ్డానో తెలియాలి కదా నాన్నా."

మధ్యాహ్నం భోజనాల వేళ స్కూల్లో సైన్సు టీచరమ్మ ఆమెని కూర్చోబెట్టుకుని చెప్పేది. సాయంత్రాలు పిట్ట నేరుగా తండ్రి షాపుకొచ్చేది. మెషిన్ గదిలో ఏసీ ఎప్పుడూ ఆడుతూ ఉండేది, దుమ్ము ఉండేది కాదు. ఓనరు ఏమీ అనలేదు. ఫ్లెక్సీ చుట్టల మీద కూర్చుని ఆమె చదువుకునేది. మెషిన్ బారుగా ప్రింటు తీసుకుపోతుంటే తండ్రి పుస్తకం పట్టుకుని ప్రశ్నలడిగేవాడు.

"మోకాలి కింద ఎముకలు?"

"టిబియా, ఫిబులా."

"కవలపిల్లల పేర్లలా ఉన్నాయే," అనేవాడు. నెల తిరిగేసరికి పుస్తకం చూడకుండా అడగడం అతనికీ వచ్చేసింది.

ఆరో నెలలో పిట్ట మార్కులు నూట పద్దెనిమిది దగ్గర ఆగిపోయాయి. మూడుసార్లు రాసినా అంతే. కోచింగ్ సెంటరు వాళ్లు బయటి పిల్లలకీ పెట్టే మోడల్ పరీక్ష రాసొచ్చిన రోజు వంటింటి గుమ్మంలో చతికిలబడి ఏడ్చింది. "ఆ సార్ చెప్పిందే నిజమేమో. అక్కడి పిల్లలు కెమిస్ట్రీ చకచకా రాసేస్తున్నారమ్మా. నేను మొదటి పేజీలోనే ఉంటున్నా."

తల్లి ఓదార్చలేదు. పుస్తకాలన్నీ తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. "ఆదివారం దాకా ముట్టుకుంటే ఊరుకోను. వెళ్లి బంతి ఆడుకో."

మూడు రోజులు పిట్ట ఆడింది, తిన్నది, ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. సోమవారం టీచరమ్మ దగ్గరికెళ్లి కెమిస్ట్రీ ఒక్కటే మొదటి పాఠం నుంచి మళ్లీ చెప్పించుకుంది.

అసలు పరీక్షలో నూట అరవై మూడు వచ్చాయి. ప్రభుత్వ ఫిజియోథెరపీ కాలేజీలో సీటు. సీట్ల జాబితాలో పేరు మొదటి పేజీలో లేదు, మూడో పేజీలో ఉంది. తండ్రి ఆ పేజీని షాపు ప్రింటర్లో పెద్దది చేసి తీసి, ఎవరూ చూడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కనపడిన ప్రతివాడికీ తీసి చూపించాడు.

వారం తర్వాత కోచింగ్ సెంటరు నుంచి ఆ ఏటి ఫ్లెక్సీ ఫైలు వచ్చింది. తెర మీద నాలుగో వరసలో రెండో ముఖం పిట్టది. మోడల్ పరీక్ష హాల్‌టికెట్టు కోసం ఇచ్చిన ఫోటో. తన మెషిన్ మీద తన కూతురు! ఒక్క క్షణం ఛాతీ రెండింతలైంది. కింద రాసింది చదివాడు: "ఆరేళ్లుగా మా విద్యార్థిని."

మేనేజరుకి ఫోన్ చేశాడు. "సార్, మా అమ్మాయి మీ దగ్గర మూడు మోడల్ పరీక్షలు రాసింది, అంతే."

"రాసింది కదండీ! మీకూ గొప్పే కదా, వేసేయండి."

"గొప్పే సార్. కానీ అది తన గొప్ప. పదకొండు నెలలు, ఇంటి దగ్గర, స్కూల్ టీచరమ్మ సాయంతో. అలా రాసిస్తే ఇప్పుడే వేస్తాను. లేదంటే ఫోటో తీసేయండి."

మేనేజరు ఫోన్ పెట్టేశాడు. గంటకి కొత్త ఫైలు వచ్చింది. పిట్ట ఉన్నచోట సెంటరు ఫోన్ నంబరు ఉంది. అతను ప్రింటు తీసి, అంచులు మడిచి, కన్నాలు వేసి పంపించాడు. అంత హాయిగా ఎప్పుడూ పని చేయలేదనిపించింది.

ఆ సంభాషణంతా పక్క గదిలోంచి విన్న ఓనరు వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోచింగ్ సెంటరు ఎప్పటినుంచో ఉన్న కస్టమరు కదా, చీవాట్లు తప్పవనుకున్నాడు అతను.

"మా మనవరాలికి ఇప్పుడు పదేళ్లు," అన్నాడు ఓనరు. "మా కోడలు ఇప్పుడే ఎంట్రన్సు కోచింగ్‌లో వేస్తానంటోంది. ఎప్పుడు మొదలెట్టాలంటావు?"

"నాకేం తెలుసు సార్? ఆరింటికి మా అమ్మాయి వస్తుంది. తననే అడగండి."

ఓనరు రోజూ నాలుగింటికే ఇంటికెళ్లేవాడు. ఆ రోజు ఆరింటిదాకా కూర్చున్నాడు. పిట్ట రాగానే లేచి, ఆమెకి కుర్చీ జరిపి అదే ప్రశ్న అడిగాడు.

పిట్ట కుర్చీలో కూర్చుంది. "నాకు పదకొండు నెలలు సరిపోయింది తాతగారూ. అబద్ధమెందుకు, కెమిస్ట్రీకి ఇంకో ఏడాది ఉంటే అంత ఏడ్చేదాన్ని కాదు. రెండేళ్ల ముందు మొదలెడితే నిమ్మళంగా ఉంటుంది. పదేళ్ల పిల్లకైతే ఇప్పుడేం వద్దు. కథల పుస్తకాలు కొనివ్వండి, ఆడుకోనివ్వండి. తనకేం కావాలో తను చెప్పేదాకా ఆగండి."

ఓనరు బుద్ధిమంతుడైన విద్యార్థిలా తలూపి, "రెండేళ్లు," అని జేబులోని చీటీ మీద రాసుకున్నాడు.

తండ్రి వాళ్లకి వీపు పెట్టి మెషిన్ తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడుస్తూ, ఒళ్లంతా చెవులు చేసుకుని వింటున్నాడు.

"అమ్మడూ," అన్నాడు వెనక్కి తిరక్కుండానే, "సార్‌కి సరిగ్గా వినపడలేదేమో. ఇంకోసారి గట్టిగా చెప్పు."