అడుగున నాలుగు వెల్లుల్లి గడ్డలు

నేను ఒక ప్లాస్టిక్ డబ్బాను. వెడల్పు మూతి, ఎర్ర మూత, కాఫీ గింజ రంగు ఒళ్ళు. నా లోపల ఏముందో బయటికి కనబడదు. ఈ మాట గుర్తుంచుకోండి. ఒక మనిషి ఉద్యోగం దీని మీదే నిలబడింది.

పుట్టినప్పుడు నా కడుపు నిండా పిల్లల బలం పొడి పోశారు. నెల తిరిగేసరికి పిల్లలు జానెడు పొడుగవుతారని నా ఒంటి మీద అచ్చు వేశారు. మల్లాపూర్‌లో గజ్జెల భూమయ్య కొడుకు నన్ను ఖాళీ చేశాడు, ఒక్క అంగుళం ఎదగలేదు. వాళ్ళమ్మ జమున నన్ను కడిగి ఎండలో బోర్లించింది. అబద్ధాల పొడి మోసినదానికి ఆ ఇంట్లో నిజమైన పని దొరికింది. వేసవిలో ఆమె నాలో మామిడికాయ తొక్కు నింపింది.

భూమయ్య మస్కట్‌లో వెల్డర్. సెలవు అయిపోయి తిరిగి వెళ్తున్నాడు. జమున నా మూతి మీద పాలిథిన్ కవరు కప్పి, రబ్బరు బ్యాండు వేసి, మూత బిగించి, టేపు చుట్టి, మూడు సంచుల్లో దూర్చి, లుంగీలో మూట కట్టింది. రాజుల శవాలకు కూడా ఇంత చుట్టుడు ఉండదు.

"అడుగు దాక పోయినంక సూడు," అంది భర్తతో.

"ఏమున్నది?"

"సూడుమంటి గద."

విమానాశ్రయంలో తూకం రెండు కిలోలు ఎక్కువ వచ్చింది. భూమయ్య పెట్టె తెరిచి రెండు చొక్కాలు, ఒక దుప్పటి, చెప్పుల జత తీసి సాగనంపడానికి వచ్చిన తమ్ముడి చేతిలో పెట్టాడు. నా మీద చెయ్యి వెయ్యలేదు. చొక్కా లేకుండానైనా బతుకుతాడట, తొక్కు లేకుండా బతకలేడట. ఇలాంటి వాళ్ళు వెల్డింగ్ చేసిన పైపుల్లోంచే అక్కడ చమురు పారుతుంది.

క్యాంపులో గదికి ఆరుగురు. వారమంతా మెస్ తిండి. పసుపు కలిపిన వేడినీళ్ళను అక్కడ పప్పు అంటారు. నేను గదిలో అడుగుపెట్టిన రోజు ఐదుగురు నా చుట్టూ కూర్చున్నారు. మూత తియ్యగానే గది నిండా వాసన కమ్ముకుంది. ముప్పై దాటిన మగవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. చూడలేక నేనే మొహం తిప్పుకోవాలనుకున్నాను, కానీ డబ్బాకు మెడ ఉండదు.

ఆరోవాడు మాత్రం మంచం దిగలేదు. పేరు లస్మయ్య, క్యాంపు బస్సు డ్రైవరు. ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉన్నవాడు, గదికి పెద్ద.

"నాకొద్దు. బీపీ. తొక్కు అంటే ఇసం," అన్నాడు. "మీరు గూడ జర సూసుకోని తినుండ్రి. నాలుక మీద అదుపు లేనోడు మనిషే గాదు."

గదిలో ఇంకొకడు, సింహాచలం, వచ్చి నాలుగు నెలలే అయింది. శ్రీకాకుళం వైపువాడు. ఒక చెంచా నాకి మొహం ముడిచాడు.

"బెల్లం ఏదీ ఇందులో అన్నా? మా ఆవకాయలో బెల్లం ఏస్తాం. ఇది వట్టి మంట."

"తీపి తొక్కు తింటరా? పెండ్లికి పోయినట్టు?" అన్నాడు భూమయ్య. అందరూ నవ్వారు. సింహాచలం ఆ తర్వాత నన్ను ముట్టలేదు.

నియమం పెట్టారు: పూటకు మనిషికి ఒక చెంచా, శుక్రవారం రెండు. చెంచా పొడిగా ఉండాలి. తడి తగిలితే తొక్కు బూజు పడుతుంది. రాత్రి భోజనాలయ్యాక భూమయ్య స్టీలు స్కేలు తెచ్చి, మూతి అంచు నుంచి తొక్కు దాకా ఎంత లోతుందో కొలిచి, మిల్లీమీటర్లతో సహా నా లేబుల్ మీద పెన్నుతో రాసేవాడు. పైపుల పని కూడా ఇంత జాగ్రత్తగా చేసి ఉంటే ఫోర్‌మన్ చేత రోజూ తిట్లు తినేవాడు కాదు.

పదో రోజు లెక్క తప్పింది. పన్నెండో రోజు ఇంకా తప్పింది.

దొంగ ఎవరో నాకు తెలుసు. పగలు పదింటికి, బస్సు ఆపేసి, గదికి వచ్చేవాడు లస్మయ్య. సింహాచలానిది ఆ నెల రెండో షిఫ్టు, మధ్యాహ్నం దాకా గదిలోనే ఉండేవాడు. అతను స్నానానికి వెళ్ళగానే లస్మయ్య తలుపు గడియ వేసి, మెస్ నుంచి తెచ్చిన ఖుబూస్ రొట్టె విప్పి, నా మూత తీసేవాడు. చెంచా కూడా వాడేవాడు కాదు, వేళ్ళే. నాలుక మీద అదుపున్న ఆ మనిషి నా గోడ పక్కనుంచి చెయ్యి దించి అడుగు దాకా తవ్వేవాడు. తిన్నాక పైన చదును చేసి, బీపీ మాత్ర వేసుకుని పడుకునేవాడు.

శుక్రవారం మధ్యాహ్నం గదిలోనే అన్నం వండుకున్నారు. భూమయ్య నా మూత తీశాడు. నెల రావాల్సిన తొక్కు అడుగున రెండు వేళ్ళ మందమే మిగిలింది. పైన ఒక ఖుబూస్ ముక్క అంటుకుని ఉంది.

"ఎవడో ఏలు వెట్టిండు," అన్నాడు భూమయ్య.

పగలు గదిలో ఉండేది ఎవరు? అందరి కళ్ళూ సింహాచలం మీద పడ్డాయి.

"నానేటి చేసుకుంటానన్నా ఆ తొక్కుతో? నాకు బెల్లం లేనిదే దిగదు."

"రెండో షిఫ్టోనివి నువ్వే. లస్మన్న ముట్టనే ముట్టడు," అన్నాడొకడు.

లస్మయ్య మంచం మీద నుంచి గొంతు సవరించుకున్నాడు. "ఇయ్యాల తొక్కు. రేపు మన ఫోన్లు, పర్సులు. పొద్దున క్యాంపు సూపర్‌వైజర్ అస్తడు. ఆయన చెవిన ఏద్దాం."

ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. దొంగతనం ఫిర్యాదు వెళ్తే కంపెనీ విచారణ చెయ్యదు. టికెట్ కొట్టి ఇంటికి పంపిస్తుంది, వీసా మీద ముద్ర గుద్దుతుంది. మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టలేడు. ఒక మనిషి బతుకును తూకం వెయ్యడానికి వాళ్ళకు దొరికిన రాయి నేను.

"చెప్పుదాం," అన్నాడు భూమయ్య. అని నన్ను సింహాచలం ఒళ్ళోకి తోశాడు. "ఎంగిలి తొక్కు నాకక్కర్లేదు. పారబోసి కడుగు. నువ్వు ఖరాబు జేసినవు, నువ్వే కడుగు."

సింహాచలం ఏడవలేదు, వాదించలేదు. ఎనిమిదేళ్ళ పెద్దమనిషి ముందు నాలుగు నెలలవాడి మాట చెల్లదని అతనికి తెలుసు. కానీ స్నానం నుంచి వచ్చినప్పుడల్లా లోపల గడియ ఎందుకు పడి ఉంటుందో కూడా అతను ఆలోచించుకుని ఉన్నాడు. నన్ను తీసుకుని గది మూలనున్న సింకు దగ్గరికి నడిచాడు. తొందరపడలేదు. సబ్బు తీశాడు. పీచు తడిపాడు. కుళాయి తిప్పి, నా మూతిని ధార కిందికి కొద్దికొద్దిగా జరిపాడు. కళ్ళు మాత్రం లస్మయ్య మంచం మీదే ఉన్నాయి.

"కడిగీమంటారా?" అన్నాడు.

మీ ఇళ్ళలో తొక్కు కలిపిన గిన్నెను ఎవరైనా అలాగే కడుగుతారా? వేడి అన్నం వేసి, గోడలకు అంటినదంతా తుడిచి కలిపి, ముద్దలు తిన్నాకే కడుగుతారు. ఆ ముద్ద కోసం అన్నదమ్ములు కొట్టుకుంటారు. అలాంటిది, అడుగున రెండు వేళ్ళ తొక్కుతో నేను నీళ్ళ కిందికి పోతున్నాను.

మొదటి చుక్క నా అంచు మీద పడింది.

"ఆగురా, పాపం తలుగుతది," లస్మయ్య మంచం మీద నుంచి దూకాడు. "వేడి బువ్వ ఏసి కలుపుండ్రి. అడుగున నాలుగు ఎల్లిగడ్డలున్నయి, మంచిగ మెత్తగ ఊరినయి. అవి పారబోస్తరా ఎవలన్న?"

సింహాచలం కుళాయి కట్టేశాడు.

భూమయ్య వచ్చి నన్ను తీసుకున్నాడు. స్కేలు అంచుతో అడుగు కెలికాడు. పొట్టు తీసిన వెల్లుల్లి గడ్డలు, ఎర్రగా, మూడు. నాలుగోది ఎక్కడికి పోయిందో నన్ను అడిగితే చెప్పేదాన్ని.

"నా పెండ్లానికి తప్ప ఎవలకు ఎరుక లేదు," అన్నాడు భూమయ్య. "నాకే తెల్వది. నీకెట్ల తెలిసిందే, లస్మన్నా?"

లస్మయ్య కుడిచేతి వేళ్ళు వెనక్కి దాచుకున్నాడు.

ఇప్పుడు ఏం జరగాలి? న్యాయం ప్రకారం పొద్దున సూపర్‌వైజర్ చెవిన వేరే పేరు పడాలి. పడలేదు. అన్నం చల్లారిపోతోంది కదా. గిన్నెడు వేడి అన్నం నాలో వేసి కలిపారు. ఎంగిలి తొక్కు నాకక్కర్లేదన్న భూమయ్యే అందరికంటే ముందు చెయ్యి పెట్టాడు. మొదటి ముద్ద మాత్రం సింహాచలం చేతిలో పెట్టాడు. క్షమించమన్న మాట అతని నోట రాలేదు, దానికి బదులు గడ్డొకటి ఆ ముద్దలో దాచాడు. రెండో ముద్ద లస్మయ్యకు ఇచ్చారు.

"తిను. మా ముందు తిను," అన్నాడు భూమయ్య. లస్మయ్య తల వంచుకుని తిన్నాడు. ఇంకో ముద్ద అడిగాడు కూడా.

గంట కిందట ఒకణ్ణి దేశం దాటించబోయిన వాళ్ళు వేళ్ళు నాకుతూ కూర్చున్నారు. ఆ తర్వాత నన్ను మూడుసార్లు సబ్బుతో కడిగారు. వాసన పోలేదు.

రెండు నెలల తర్వాత సింహాచలం ఊరివాడొకడు సెలవు నుంచి వస్తూ అతనికి ఆవకాయ తెచ్చాడు, సంచిలో. బెల్లం పాకంతో నల్లగా మెరుస్తోంది. పెట్టుకోవడానికి నన్ను అడిగి తీసుకున్నాడు. గదంతా వేళాకోళం చేసింది.

"మిఠాయి దుకాణం పెట్టినవా తమ్మీ? ఇది తొక్కా, జిలేబీయా?" అన్నాడు భూమయ్య. చెంచా ఇస్తే వద్దని తోసేశాడు. తీపి తొక్కు నాలుక మీద పెట్టనని అందరి ముందూ ఒట్టేశాడు.

నాలుగో రోజు, అందరూ మెస్‌కు వెళ్ళాక, తలుపు గడియ పడింది. మూత తెరుచుకుంది. ఒక వేలు దిగింది. ఈసారి అది లస్మయ్యది కాదు. బొటనవేలి పక్కన వెల్డింగ్ నిప్పురవ్వ కాల్చిన మచ్చ ఉంది. అడుగు దాకా వెళ్ళి, పైకి వచ్చి, మళ్ళీ దిగింది.

ఆవకాయ రోజురోజుకూ తగ్గుతోంది. సింహాచలం స్కేలు తెచ్చి నన్ను కొలవడు. కొలిస్తే ఎవరో తేల్చాల్సి వస్తుందని.