హల్ రేవుకు ఇద్దరి సైకిల్

టెంట్ మడుస్తుంటే ప్రభావతికి నవ్వు ఆగలేదు. రాత్రి కురిసిన వానకు తడిసి అది గోనె బస్తాలా బరువెక్కింది.

"దీన్ని వియన్నా దాకా మోసుకెళ్ళాలా కిరణూ?"

"మోసేది సైకిల్ లెండి వదినా!" అంది కిరణ్మయి, టెంటును సంచిలోకి కుక్కుతూ.

ప్రభావతి కిరణ్మయి భర్తకు అక్క. ఇంగ్లండ్‌లో బేసింగ్‌స్టోక్ అనే ఊళ్ళో ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసేది. వయసులో ఉండగా ఒంటరిగా ఫ్రాన్సంతా సైకిల్ మీద తిరిగిన మనిషి. డాన్యూబ్ నది వెంట వియన్నాకు వెళ్ళాలని అనుకుంటుండగానే చూపు మందగించింది. కొన్నేళ్ళకు పూర్తిగా పోయింది. సైకిల్‌ని ఎవరికో ఇచ్చేసి, మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు.

పోయిన ఏడాది లీడ్స్ నుంచి కిరణ్మయి ఫోన్ చేసింది. "నా క్లినిక్‌కి వచ్చే పేషెంట్ ఒకాయన టాండెమ్ సైకిల్ అమ్ముతున్నాడు వదినా. ఇద్దరూ ఒకళ్ళ వెనక ఒకళ్ళు కూర్చుని తొక్కేది. ముందు నేను కూర్చుంటాను. వస్తారా?"

"ఎప్పుడు?" అంది ప్రభావతి.

కిరణ్మయికి సైకిల్ అంతంతమాత్రమే వచ్చు. ప్రభావతి లీడ్స్ వచ్చాక ఆమెను వెనక కూర్చోబెట్టుకుని రౌండ్‌హే పార్కులో నేర్చుకుంటూ ఒకసారి గట్టును గుద్దేసింది. ఇద్దరూ పడ్డారు. ప్రభావతి మోచెయ్యి చీరుకుపోయింది. ఆ రోజు నుంచి ఏ పల్లం వచ్చినా కిరణ్మయి వేళ్ళు బ్రేకుల మీదే ఉండేవి.

టెంట్ మడిచిన ఆ రోజు సాయంత్రం హల్ రేవులో హాలండ్‌లోని రోటర్‌డామ్‌కు వెళ్ళే ఓడ ఎక్కాలి. మార్కెట్ వెయిటన్ అనే ఊరు దాటి కొండ సగం ఎక్కేసరికి వెనక టైరు పంక్చరైంది. గడ్డిలో చతికిలబడి ఇద్దరూ ట్యూబు మార్చబోయారు. కొత్తదాన్ని లోపలికి తోస్తుంటే అదీ నొక్కుకుపోయి చిరిగింది. మిగిలింది ఒకటే. ఈసారి ప్రభావతి టైరంతా వేళ్ళతో తడిమి చూసి, "ఇప్పుడు గాలి కొట్టు," అంది. టైరు నిలిచింది కానీ మధ్యాహ్నం గడిచిపోయింది.

కొండ పైకి చేరాక ఎదురుగా పొడవాటి పల్లం. దూరంగా బెవర్లీ చర్చి జంట గోపురాలు. కిరణ్మయి బ్రేకులు నొక్కుతూ నత్తనడకన దింపుతోంది.

"ఎందుకు ఆపుతున్నావు? ముందేమైనా ఉందా?"

"ఏమీ లేదు. రోడ్డు ఖాళీయే."

"మరి?"

"మీరు పడితే?"

"పడితే లేస్తాను! ఇంట్లో అందరూ నన్ను గాజుబొమ్మలా చూస్తున్నారు. నువ్వు కూడానా? వదిలెయ్ కిరణూ!"

కిరణ్మయి బ్రేకులు వదిలేసింది.

సైకిల్ ఒక్కసారిగా ముందుకు దూకింది. గాలి చెవుల్లో హోరెత్తింది. కంచెలు, గొర్రెలు, పసుపు పూల చేలు అన్నీ కలిసిపోయి వెనక్కి పారిపోతున్నాయి. "ఎడమకు మలుపు!" అని కిరణ్మయి అరిచింది. ఇద్దరూ ఒకేసారి ఒరిగారు, ఒకేసారి లేచారు. వెనక నుంచి ప్రభావతి కేక వినిపించింది. భయంతో వేసినది కాదు, పండగనాటి పిల్ల కేక. కిరణ్మయి కూడా గొంతు చించుకుని అరిచింది. క్లినిక్‌లో మెల్లగా మాట్లాడే డాక్టరమ్మ తనేనా అని తనకే అనుమానం వచ్చింది.

పల్లం అయిపోయాక కూడా వాళ్ళు వేగం తగ్గించలేదు. హల్ సిగ్నళ్ళ దగ్గర లారీల పక్కన నిలబడి రొప్పుతూ, పచ్చలైటు పడగానే మళ్ళీ తొక్కారు. రేవు గేటు చేరేసరికి కార్లన్నీ ఎక్కేశాయి. పసుపు కోటు వేసుకున్న రేవు ఉద్యోగిని చెయ్యి ఊపుతూ, "క్విక్, లేడీస్! మీరే లాస్ట్!" అంది. తర్వాత వాళ్ళను ఎగాదిగా చూసి, "ఇద్దర్లో డ్రైవర్ ఎవరు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"హ్యాండిల్ ఆమెది, ఆర్డర్లు నావి," అంది ప్రభావతి.

ఇనప వాలు మీదుగా సైకిల్ తోసుకుంటూ ఓడ కడుపులోకి వెళ్ళారు. దాన్ని గోడకు తాళ్ళతో కట్టి పై డెక్ మీదికి వచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. ఇద్దరూ రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు.

"రేపు హాలండ్‌లో కొండలుండవట వదినా," అంది కిరణ్మయి ఊరటగా.

"అయ్యో, ఉండవా?" ప్రభావతి నిజంగానే నిరాశపడింది. అంతలో రెయిలింగ్ మీద ఆమె అరచేతుల కింద ఇనుము సన్నగా అదిరింది. ఆమె కిరణ్మయి భుజం గట్టిగా పట్టుకుని ఊపేసింది.

"కదిలింది! కిరణూ, కదిలింది! ఏం కనిపిస్తోందో చెప్పు, ఒక్కటీ వదలకుండా చెప్పు!"

కిరణ్మయి గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టింది.