చప్పిడి చెయ్యి

సొరకాయ ముక్క ఉడికిందో లేదో గరిటెతో నొక్కి చూసి, ప్రేమమ్మ పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. పక్క పొయ్యి మీద పెద్ద గిన్నెలో పప్పుచారు తెర్లుతోంది. అది మామూలు రోగులకు. ఈ చిన్న గిన్నె గుండె జబ్బు వాళ్ళది. ఇందులో ఉప్పు పడకూడదు. నరసరావుపేటలో నాగభూషణరావు డాక్టరుగారి ఆసుపత్రి వంటగదిలో చేరిననాటి నుంచీ ఆమెకు అదే పని.

తనకు ఆ పని దొరకడం దేవుడి వేళాకోళమేమో అనుకునేది ప్రేమమ్మ. కాపురానికి వచ్చిన కొత్తలో మొగుడు జక్కయ్య కంచం ముందు కూర్చున్నప్పుడల్లా "నీ చేతికి రుచి లేదే" అనేవాడు. మాచర్ల వైపు సున్నపు బట్టీల పనికని పోయి, అక్కడెవరి చేతి కూడుకో మరిగి, ఇక తిరిగి రాలేదు. ఆ ఆడమనిషిని ప్రేమమ్మ ఎన్నడూ చూడలేదు. ఆమె చేతిని మాత్రం ఊహించుకుంటూనే బతికింది: బొద్దుగా, గాజులతో, వేళ్ళకు మసాలా వాసనతో.

అచ్చం అలాంటి చెయ్యి ఇప్పుడు రోజూ కళ్ళెదుట కదులుతోంది. మగవాళ్ళ వార్డులో గుండె జబ్బుతో కిటికీ పక్క మంచం మీదున్న లారీ మెకానిక్ అబ్దుల్ రహీమ్ భార్య రబియా చెయ్యి అది. ఇంటి నుంచి క్యారియర్ తెస్తుంది. ఇంటి కూడు వద్దని నర్సు అంటూనే ఉంటుంది, "చప్పిడిదేనమ్మా" అని రబియా అంటూనే ఉంటుంది. మూత తీస్తే చాలు, పక్క మంచాల వాళ్ళు కూడా లేచి కూర్చుంటారు.

"మేస్త్రీ ఎట్టా ఒళ్ళు చేశాడో చూడండయ్యా. పెళ్ళాం చెయ్యంటే అదీ!"

"మన ప్రేమమ్మ కూడు తింటే బొమికలే మిగిలేది."

వాళ్ళు నవ్వుతారు. ప్రేమమ్మ కూడా నవ్వుతుంది. వంటగదికి వచ్చాక గిన్నెలు గట్టిగా తోముతుంది.

రహీమ్ పక్క మంచం ప్రభుదాసుది. కారంపూడిలో దర్జీ. ఈయనదీ అదే జబ్బు. భార్య ఎన్నడో పోయింది. తెచ్చిపెట్టే దిక్కు లేక ప్రేమమ్మ పెట్టిందే తింటున్నాడు. చేరిన రోజు నిండుగా ఉన్న మనిషి. ఇప్పుడు చెంపలు లోపలికి పోయి, భుజాల ఎముకలు చొక్కాను పొడుస్తున్నాయి. "ఒంట్లో నీరు తీసిందిలే, మంచిదే" అని నర్సు గ్రేసమ్మ చెప్పినా ప్రేమమ్మకు ఎక్కలేదు. మంచిదైతే మనిషి చిక్కిపోతాడా? ఆ మధ్య ఆమె రవిక భుజం చిరిగి ఉండటం చూసి, అడిగి తెప్పించుకుని, మంచం మీదే కూర్చుని కుట్టు కనబడకుండా కుట్టి పంపాడాయన. తను అడగకుండా ఒకరు తనకు చేసిన పని ఆమె బతుకులో అదొక్కటే.

ఆ పొద్దున పాలగ్లాసు అందుకుంటూ ప్రభుదాసు అన్నాడు:

"కోపం తెచ్చుకోబాకు ప్రేమమ్మా. నీ కూడు నోట్లోకి పోతంది గానీ గొంతు దిగట్లా. నిన్న రబియమ్మ ఒక ముద్ద పెట్టింది. అబ్బ, పానం లేచొచ్చిందనుకో!"

ఆ మంట అలాగే కడుపులో పెట్టుకుని ఆమె వంట చేసింది. ఉప్పూ కారం తిని పెరిగిన ఒళ్ళు చప్పిడితో ఎలా నిలబడుతుంది? కూర దించి ప్రభుదాసు వంతు వేరే గిన్నెలోకి తీసింది. ఉప్పు డబ్బాలోంచి ఒక చిటికెడు వేసింది. రబియా చెయ్యి గుర్తొచ్చి ఇంకో చిటికెడు వేసింది.

ప్రభుదాసు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. కళ్ళు పెద్దవి చేశాడు.

"ఏంది ప్రేమమ్మా, ఇయ్యాల నీ చెయ్యి తిరిగిందే!"

పెళ్ళయినప్పటి నుంచి ఆమె ఎదురుచూసిన మాట. రబియా విన్నదో లేదోనని అటు తిరిగింది.

రబియా వినే స్థితిలో లేదు. రహీమ్ మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు. నోరు తెరిచి గాలి కోసం ఎగబీలుస్తున్నాడు. గ్రేసమ్మ పరుగున వచ్చి అతని కాలి మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట గుంటగానే ఉండిపోయింది.

"ఇది ఒళ్ళు కాదు, మొత్తం నీరు! ఉప్పు పెట్టబాకమ్మా అని నెత్తీనోరూ కొట్టుకున్నా గదా!"

"చప్పిడిది ఊసేస్తన్నాడమ్మా. తినకపోతే బతికేదెట్టా?" రబియా మొగుడి వీపు రుద్దుతూ అంది.

ప్రేమమ్మ ఆ గుంటను చూసింది. ప్రభుదాసు ఎండిన కాళ్ళను చూసింది. అప్పుడు, నర్సు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, ఒక్కసారిగా ఎక్కింది. వంగి ఆయన కంచం లాక్కుంది.

"ఇదేంది! నోటికాడ కూడు లాక్కుంటావా?"

"ఈగ పడింది."

"పడితే తీసి పారెయ్. ఈగ ఎంత తింటదంట?"

ఆమె వినలేదు. ఆ కూడు కాలవలో పారబోసింది. చప్పిడి కూరలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేయించి కలిపి, నిమ్మచెక్క పిండి తెచ్చేసరికి ప్రభుదాసు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నాకొద్దు."

నేల మీద కూర్చుంది ప్రేమమ్మ.

"ఇందాక ఉప్పేశా. నువ్వు రబియా కూడు మెచ్చుకున్నావని. నువ్వు చిక్కలేదయ్యా. నీరు పోయి నువ్వు మిగిలావు. మిగిలినోడివి తినకపోతే ఇంకేం మిగలదు. లే."

ఆయన ఇటు తిరిగాడు. ముద్ద కలిపాడు.

"బాగుందా?"

"బాగాలేదు" అని, కంచం అడుగు కనబడేదాకా తిన్నాడు.

దీపాలు పెట్టేవేళ రహీమ్ పోయాడు. పెద్ద అలికిడేమీ లేదు; గస ఆగింది, అంతే. రబియా అతని పాదాలు ఒళ్ళో పెట్టుకుని ప్రేమమ్మ వంక చూసింది.

"నా చేతి కూడేనా అక్కా?"

అవునని అనవచ్చు. ఎన్నాళ్ళ నుంచో ఆ చేతిని అనాలని కాచుకున్న మాట నాలుక చివరికి వచ్చింది కూడా.

"గుండె ముందే అలిసిపోయిందని డాక్టరుగారే అన్నారు. చివరిదాకా నీ చేత్తో తృప్తిగా తిన్నాడు, ఇంకేం కావాల?"

రబియా ఆమె భుజం మీద వాలి బావురుమంది. ఆ వీపు నిమురుతుంటే అప్పుడు కూడా ప్రేమమ్మ లోపల ఏదో చురుక్కుమంది. ఈమె వార్డంతా వినబడేలా ఏడవవచ్చు, ఎవరూ ఎందుకని అడగరు. రేపు ఆ దర్జీకి ఏమన్నా అయితే తను వంటగదిలోకి పోయి తలుపేసుకోవాలి.

శవాన్ని తీసుకెళ్ళాక ప్రేమమ్మ మంచం తుడిచి, కింద ఊడవడానికి వంగింది. గోడవారగా ఒక జత తోలు చెప్పులు: రోజురోజుకూ వాస్తున్న పాదాలకు పట్టేలా పట్టీలు మధ్యకు కోసి, చాలినంత వదులు చేసుకుంటూ, వాపు సంగతి తెలిసీ, మెకానిక్ తన చేత్తోనే రాగి తీగతో మళ్ళీ మళ్ళీ కట్టుకున్నవి.